జంతువుల ఛారిటీల్లో దేనికి ఇవ్వాలి? పెద్ద నంబర్లు చెప్పేవాళ్ళకా, లెక్క చూపించేవాళ్ళకా

జంతువుల కోసం పనిచేసే సంస్థకి ఎంతో కొంత పంపుదామని వెబ్‌సైట్లు తెరిస్తే ముందు కనపడేది పెద్ద పెద్ద అక్షరాల్లో ఒక నంబర్. ఒకళ్ళది "20 లక్షల ప్రాణుల జీవితాల్లో మార్పు తెచ్చాం" అని ఉంటుంది, పక్కవాళ్ళది "కిందటేడాది 412 కుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశాం, వాటిలో 9 చనిపోయాయి" అని ఉంటుంది (ఊరికే ఉదాహరణకి చెప్తున్నా, ఏ సంస్థవీ కావు ఇవి). చాలామంది చెయ్యి మొదటిదాని మీదకే పోతుంది. నేనైతే రెండోవాళ్ళకే ఇస్తా, కనీసం ఆ 20 లక్షలు ఎక్కణ్ణుంచి వచ్చాయో మొదటివాళ్ళు చెప్పేదాకా. రెండోవాళ్ళు చచ్చిపోయినవి కూడా రాశారంటే అక్కడ ఎవరో కూర్చుని నిజంగానే రిజిస్టర్ రాస్తున్నారన్నమాట.

అలాగని పెద్ద నంబర్లన్నీ కాకి లెక్కలే అనట్లేదు. కోళ్ళ మీదా రొయ్యల మీదా పనిచేసేవాళ్ళకి కోట్లలో రావడం మామూలే, అక్కడున్న ప్రాణులే అన్ని. కాకపోతే షెల్టర్ వాళ్ళు చెప్పే ఒకటి, కోళ్ళ సంస్థ చెప్పే ఒకటి, ఫేస్‌బుక్ యాడ్స్ వేసేవాళ్ళు చెప్పే ఒకటి, ఈ మూడు ఒకట్లకీ అర్థం ఒకటే కాదు. అందుకే ఒక్కో రకం పనికి లెక్క ఎలా కడతారో, ఎక్కడ ఉబ్బిస్తారో విడివిడిగా చూసి అప్పుడు ఎంచుకోవడం నయం.

షెల్టర్లు, రెస్క్యూలు

ఇక్కడ ఎక్కువగా చెప్పుకునేది "మా దగ్గరికొచ్చిన వాటిలో 90 శాతం పైన ప్రాణాలతో బయటికెళ్ళాయి" అనే మాట. అమెరికాలో బెస్ట్ ఫ్రెండ్స్ అనే సంస్థ "నో-కిల్" (అంటే బతికించగలిగే జంతువుల్ని చంపని షెల్టర్) అనిపించుకోవడానికి 90 శాతాన్నే కొలతగా పెట్టింది, చాలా షెల్టర్లు దాన్నే పట్టుకున్నాయి. నంబర్ మంచిదే. కానీ ఆ 90 శాతం దేంట్లో 90 శాతం అనేదే అసలు సంగతి.

ఒక షెల్టర్ గేటు దగ్గరికొచ్చిన ప్రతి కుక్కనీ తీసుకుంటుంది, ముసలిదైనా, కరిచేదైనా, యాక్సిడెంట్లో నడుం విరిగినదైనా. ఇంకొకటి ఖాళీ ఉంటేనే తీసుకుంటుంది, అదీ తొందరగా ఎవరైనా పెంచుకోడానికి తీసుకెళ్ళే కుక్కపిల్లల్నే ఏరుకుంటుంది. రెండోదాని శాతం బ్రహ్మాండంగా ఉంటుంది, అది కాదన్న కుక్కలన్నీ మొదటిదాని ఖాతాలో పడి దాని శాతం కిందకి లాగేస్తాయి. ఇప్పుడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి శాతం చూసి డబ్బులిస్తే కష్టమైన పని చేస్తున్నవాళ్ళకే శిక్ష పడుతుంది. పైగా 2004లో అసిలోమార్ అకార్డ్స్ అని షెల్టర్లు ఒక పద్ధతి రాసుకున్నాయి, దాని ప్రకారం బతికి బయటపడ్డవాటి శాతం కట్టేటప్పుడు, నయం కాని జబ్బుతో ఉన్న జంతువుని యజమానే తెచ్చి నిద్రపుచ్చమని (అంటే బాధ లేకుండా మందిచ్చి చంపమని) అడిగితే దాన్ని లెక్కలోంచి తీసెయ్యొచ్చు. న్యాయంగానే ఉంది. కానీ యజమాని అడిగాడని రాసేది కూడా షెల్టర్ స్టాఫే కదా, ఆ గడి ఎంత పెద్దదైతే శాతం అంత అందంగా వస్తుంది.

కాబట్టి షెల్టర్ల మధ్య పోలికకి శాతం వద్దు. ఎన్ని లోపలికొచ్చాయి, ఎన్నిటిని కాదన్నారు, ఎన్ని దత్తత వెళ్ళాయి, ఎన్ని వేరే షెల్టర్‌కి పంపారు, ఎన్ని చనిపోయాయి, ఎన్నిటిని నిద్రపుచ్చారు, ఏడాది చివర ఎన్ని మిగిలాయి, ఈ వరసంతా ఒక టేబుల్‌గా పెట్టినవాళ్ళు ఉంటే వాళ్ళే మంచి ఛాయిస్. ఏడాది మొదట్లో ఉన్నవీ వచ్చినవీ కలిపి, అందులోంచి బయటికెళ్ళినవీ చనిపోయినవీ తీసేస్తే మిగిలినవి రావాలి, ఇది మీరే కూర్చుని కూడొచ్చు. లెక్క కుదరకపోతే అడగండి.

రెస్క్యూ వీడియోల సంగతి వేరే చెప్పాలి. కొండచిలువ నోటి దాకా వెళ్ళిన కుక్కపిల్లని కెమెరా ఉన్న మనిషి సరిగ్గా టైముకొచ్చి కాపాడడం, బ్యాక్‌గ్రౌండ్లో ఏడుపు మ్యూజిక్, ఇలాంటివి కావాలని పెట్టి తీసినవి ఎన్నో. 2021లో యూట్యూబ్ ప్రత్యేకంగా, జంతువుని ప్రమాదంలోకి నెట్టి రెస్క్యూ చేసినట్టు నటించే వీడియోలు కుదరవని రూల్స్‌లో చేర్చిందంటే ఎంత ముదిరిందో అర్థం చేసుకోండి. వీడియో తర్వాత ఆ జంతువు ఏ డాక్టర్ దగ్గరికెళ్ళింది, నెలకి ఎలా ఉంది అని ఏమీ లేకపోతే ఒక్క పైసా వద్దు, షేర్ కూడా వద్దు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించేవాళ్ళు

"ఆపరేషన్ చేయించని ఒక్క ఆడపిల్లి, దాని పిల్లలు, వాటి పిల్లలు కలిసి 7 ఏళ్ళలో 4,20,000 అవుతాయి" అనే పోస్టర్ మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. దీన్ని ఒకసారి మనమే కట్టి చూద్దాం, పెద్ద లెక్కేం కాదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో వీధి పిల్లుల మీద చేసిన స్టడీ ఒకటి 2004లో వచ్చింది, అందులో ఒక్కో ఆడపిల్లికి ఏడాదికి సగటున 1.4 ఈతలు, ఈతకి సుమారు 3 పిల్లలు. వాళ్ళు కళ్ళముందు పెట్టుకుని చూసిన 169 పిల్లల్లో 127, అంటే 75 శాతం, ఆరు నెలలు నిండకుండానే చనిపోయాయి లేదా కనపడకుండా పోయాయి. సరే, 1.4 ఇంటూ 3 అంటే ఏడాదికి 4.2 పిల్లలు, అందులో నాలుగో వంతు మిగిలితే ఒకటి, దాంట్లో సగం ఆడవనుకుంటే ఒక్కో ఆడపిల్లికి ఏడాదికి అర ఆడపిల్లి కలుస్తుంది. ఏడాదికి ఒకటిన్నర రెట్లన్నమాట. దాన్ని 7 సార్లు హెచ్చవేస్తే 17 ఆడపిల్లులు, మగవాటితో కలిపి 30 పైచిలుకు. అదీ ఈ ఏడేళ్ళలో పెద్దపిల్లి ఒక్కటీ చావలేదనుకుంటేనే. 30 ఎక్కడ, 4 లక్షల 20 వేలు ఎక్కడ.

దీనర్థం ఆపరేషన్లు దండగ అని కాదు, 30 పిల్లులు కూడా వీధికి ఎక్కువే. కానీ ఏ సంస్థయినా తన యాన్యువల్ రిపోర్ట్‌లో "మేం చేసిన 1000 ఆపరేషన్ల వల్ల ఇన్ని కోట్ల పుట్టుకలు ఆగాయి" అని రాసిందంటే ఆ లెక్క ఈ పోస్టర్ నుంచే వచ్చుంటుంది, ఇక ఆ రిపోర్ట్‌లో మిగతా నంబర్లని కూడా నేను అనుమానంగానే చూస్తా.

మరి ఇక్కడ దేన్ని నమ్మాలి? ఎన్ని ఆపరేషన్లు అనేదాని కంటే ఒక ఏరియాలో ఎంత శాతం కవర్ చేశారు అనేదాన్ని. పెద్ద ఊళ్ళో తలో మూల 2000 కుక్కలకి చేస్తే మిగిలినవి పిల్లల్ని కని ఆ ఖాళీ నింపేస్తాయి, అదే 2000 నాలుగు వార్డుల్లోనే వరసగా చేసుకుంటూ పోతే ఏడాది రెండేళ్ళలో తేడా కంటికి కనపడుతుంది. రేబిస్ టీకా విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కనీసం 70 శాతం కుక్కలకి వెయ్యాలి అంటుంది, ఇన్ని వేలు వెయ్యండి అని కాదు. దీన్ని చెక్ చెయ్యడం కూడా సులువే. ఆపరేషన్ అయిన కుక్కకి చెవి అంచున వి ఆకారంలో చిన్న గాటు పెడతారు, పిల్లికైతే చెవి కొస కొంచెం కత్తిరిస్తారు. మంచి టీములు పొద్దున్నే ఒకే రూట్లో నడుచుకుంటూ పోయి, కనపడిన కుక్కల్లో చెవి గాటు ఉన్నవెన్ని, లేనివెన్ని, పాలిస్తున్నవెన్ని, పిల్లలెన్ని అని రాసుకుని, కొన్ని నెలల తర్వాత అదే రూట్లో మళ్ళీ తిరుగుతారు. ఈ రెండు సర్వేలూ పక్కపక్కన పెట్టి చూపించేవాళ్ళు దొరికితే ఇంకేం ఆలోచించకండి. ఆపరేషన్ తర్వాత ఎన్ని కుక్కలకి కుట్లు విప్పుకున్నాయో, ఎన్ని చనిపోయాయో కూడా చెప్తే ఇంకా మంచిది.

కంపెనీల మీద ఒత్తిడి తెచ్చే క్యాంపెయిన్లు

అన్నిటికంటే పెద్ద నంబర్లు వచ్చేదిక్కడే, నిజంగా పెద్ద మార్పు వచ్చిందీ ఇక్కడే, ఎక్కువ గందరగోళమూ ఇక్కడే. కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ఒక హోటల్ చెయిన్ "ఫలానా సంవత్సరం నుంచి బోనుల్లో పెంచిన కోళ్ళ గుడ్లు కొనం" అని ప్రకటిస్తుంది. దాని వెనక నెలల తరబడి మీటింగులు, లెటర్లు, కొన్నిసార్లు నిరసనలు నడిపిన సంస్థ ఉంటుంది. ఆ సంస్థ ఏం చేస్తుందంటే, ఆ చెయిన్ ఏడాదికి ఎన్ని గుడ్లు వాడుతుందో అంచనా వేస్తుంది, ఒక కోడి ఏడాదికి దగ్గర దగ్గర 300 గుడ్లు పెడుతుంది కాబట్టి దాంతో భాగిస్తుంది, వచ్చిందాన్ని "మేం ఇన్ని లక్షల కోళ్ళకి మేలు చేశాం" అని పెడుతుంది. ఈ ఒక్క లైన్లో నాలుగు చోట్ల లెక్క జారొచ్చు.

మొదటిది, కంపెనీ గుడ్ల వాడకం ఎంతో చాలాసార్లు కంపెనీ చెప్పదు, అది సంస్థ వేసుకున్న అంచనా. రెండోది, మాట ఇవ్వడం వేరు, నిలబెట్టుకోవడం వేరు. బోలెడు కంపెనీలు 2025 గడువు పెట్టుకున్నాయి, కొన్ని చెప్పినట్టే చేశాయి, కొన్ని గడువు జరుపుకుంటూ పోయాయి, కొన్ని అసలు రిపోర్ట్ చెయ్యడమే మానేశాయి. మాట ఇచ్చిన రోజునే కోళ్ళన్నిటినీ ఖాతాలో వేసుకున్న సంస్థ తర్వాత కంపెనీ మాట తప్పినప్పుడు ఆ నంబర్ తీసిందా? మూడోది, ఇవి ఎవరో ఒకళ్ళే చేసే పనులు కావు. ది హ్యూమేన్ లీగ్ అనే అమెరికా సంస్థ 2016లో మొదలుపెట్టిన ఓపెన్ వింగ్ అలయన్స్‌లో పదుల దేశాల సంస్థలు కలిసి పనిచేస్తాయి, ఒకే కంపెనీ గెలుపుని అయిదు సంస్థలు తలా పూర్తిగా తమ ఖాతాలో రాసుకుంటే కాగితం మీద కోళ్ళు అయిదింతలైపోతాయి. పెళ్ళికి వచ్చిన అతిథుల్ని అటు వాళ్ళూ ఇటు వాళ్ళూ తమ లిస్టులోనే వేసుకుని విస్తళ్ళు లెక్కపెట్టినట్టు.

నాలుగోదే అన్నిటికంటే కష్టం: వీళ్ళు లేకపోయినా అది జరిగేదా? అమెరికాలో బోనుల్లేని ఫారాల్లో ఉన్న కోళ్ళు పదేళ్ళ కింద బాగా తక్కువ, 2024కి సుమారు 40 శాతానికి వచ్చాయి. అది క్యాంపెయిన్ల వల్లా, మసాచుసెట్స్‌లో 2016లో, కాలిఫోర్నియాలో 2018లో ఓటర్లు పాస్ చేసిన చట్టాల వల్లా? ఆ చట్టాల వెనకా ఇలాంటి సంస్థలే ఉన్నాయి, అది నిజమే, కానీ చట్టం తెచ్చినవాళ్ళూ కంపెనీని ఒప్పించినవాళ్ళూ ఇద్దరూ అవే కోళ్ళని లెక్కేసుకోకూడదు కదా.

ఇంత చెప్పాక కూడా నేను ఈ రకం పనిని కొట్టిపారెయ్యను. 2019లో రీథింక్ ప్రయారిటీస్ అనే రీసెర్చ్ సంస్థ కూర్చుని, మాట తప్పేవాళ్ళని కూడా లెక్కలోకి తీసుకుని, ఒక డాలర్ ఖర్చుకి 9 నుంచి 120 కోడి-సంవత్సరాల (ఒక కోడి బతికే ఒక ఏడాది అంటే ఒక కోడి-సంవత్సరం) దాకా మార్పు వచ్చుంటుందని తేల్చింది. ఆ 9కీ 120కీ మధ్య గ్యాప్ చూశారా? దాన్ని చూసి "వీళ్ళకేం తెలీదు" అనుకునేవాళ్ళున్నారు, నాకు మాత్రం ఆ గ్యాప్ చూశాకే నమ్మకం వచ్చింది. ఇలాంటి విషయంలో "డాలర్‌కి 57 కోళ్ళు" అని ఒకే నంబర్ చెప్పేవాళ్ళే అనుమానించాల్సినవాళ్ళు. పైగా 9 తీసుకున్నా అది తక్కువేం కాదు.

ఇక్కడ ఎంచుకునేటప్పుడు ఇచ్చిన మాటల్నీ అమలైన మాటల్నీ విడిగా చూపిస్తున్నారా లేదా చూడండి. కంపాషన్ ఇన్ వరల్డ్ ఫార్మింగ్ అనే సంస్థ వాళ్ళ ఎగ్‌ట్రాక్ రిపోర్ట్ లాంటివి ఏ కంపెనీ ఎంతవరకు వచ్చిందో పేరుపేరునా చెప్తాయి, మీరు ఇద్దామనుకున్న సంస్థ గొప్పగా చెప్పుకుంటున్న కంపెనీ పేరు అక్కడ వెతికి చూస్తే పది నిమిషాల పని.

రొయ్యలు కూడా ఈ కోవలోకే వస్తాయి. ష్రింప్ వెల్ఫేర్ ప్రాజెక్ట్ అనే సంస్థ డాలర్‌కి ఏడాదికి 1500 రొయ్యలు అంటుంది, వినగానే కళ్ళు తిరుగుతాయి. వీళ్ళు ఏం చేస్తారంటే, రొయ్యల్ని ఐసు నీళ్ళలో వేసి చంపే బదులు ముందే కరెంటుతో స్పృహ పోగొట్టే మిషన్లు కంపెనీలకి ఇస్తారు, బదులుగా ఏటా కనీసం 12 కోట్ల రొయ్యల్ని అందులోంచి పంపాలని ఒప్పందం. లెక్కకి ఆధారం ఉంది, మిషన్లు లెక్కపెట్టొచ్చు. కానీ అక్కడ బాగుపడేది రొయ్య ఆఖరి నిమిషాలు, కోడి దగ్గర మారేది ఏడాది పైన ఉండే చోటు. 1500 పెద్దదా 9 పెద్దదా అని పోల్చకండి, రొయ్య బాధకి మీరు ఎంత విలువ ఇస్తారనేది మీరే తేల్చుకోవాలి, ఏ రిపోర్టూ తేల్చదు.

అవగాహన, లీఫ్‌లెట్లు, యాడ్స్

దీని గురించి ఎక్కువ చెప్పను. "కోటి మందికి రీచ్ అయ్యాం" అంటే కోటి ఫోన్లలో ఆ వీడియో పైకి జరిగిపోయింది అని మాత్రమే. మెర్సీ ఫర్ యానిమల్స్ తమ ఆన్‌లైన్ యాడ్స్ మీద తామే స్టడీ చేయించి 2016లో బయటపెట్టింది, యాడ్ చూసినవాళ్ళకీ చూడనివాళ్ళకీ కొన్ని నెలల తర్వాత తిండిలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ దొరకలేదు. తమకి నచ్చని రిజల్ట్‌ని డేటాతో సహా బయటపెట్టారు చూడండి, అందుకు ఆ సంస్థ మీద గౌరవం పెరిగింది, ఆ పని మీద మాత్రం తగ్గింది. 2014లో ఫానలిటిక్స్ అనే రీసెర్చ్ సంస్థ అమెరికాలో 11 వేల మందికి పైగా అడిగి చూస్తే, ఒకప్పుడు శాకాహారం మొదలుపెట్టినవాళ్ళలో 84 శాతం మళ్ళీ మాంసానికి వచ్చేశారు. కాబట్టి ఎవరైనా "ఇంతమంది ప్రతిజ్ఞ చేశారు, ఒక్కొక్కరూ ఏటా 200 ప్రాణాలు, జీవితాంతం ఇన్ని" అని గుణించుకుంటూ పోతే ఆ పేజీ మూసెయ్యండి.

రేటింగ్ సైట్లని నమ్మొచ్చా

సగం సగం. ఛారిటీ నావిగేటర్ లాంటి స్టార్ రేటింగులు మొదట్లో ఎక్కువగా ఆఫీసు ఖర్చు ఎంత, పనికి ఎంత అనేదాని చుట్టూ తిరిగేవి. 2013లో వాళ్ళే ఇంకో రెండు సంస్థలతో కలిసి, ఓవర్‌హెడ్ ఒక్కటీ చూసి ఛారిటీని అంచనా వెయ్యకండి అని ఓపెన్ లెటర్ రాశారు, అయినా జనం అదే చూస్తారు. పైగా డబ్బులడుగుతూ పంపిన ఉత్తరంలో "జంతువుల్ని ఇలా చూసుకోండి" అని రెండు పేరాలు కలిపితే, ఆ ఉత్తరం ఖర్చులో కొంత భాగాన్ని ప్రజలకి అవగాహన కింద రాసుకోడానికి అమెరికా అకౌంటింగ్ రూల్స్ కొన్ని షరతులతో ఒప్పుకుంటాయి. అక్కడి సంస్థలు ఏటా ట్యాక్స్ వాళ్ళకిచ్చే ఫారం 990 అందరికీ దొరుకుతుంది, అందులో ఇలా పంచి రాసుకున్న ఖర్చుకి జాయింట్ కాస్ట్స్ అని గడి ఉంటుంది, అది బాగా పెద్దగా ఉంటే "మీ డబ్బులో 85 శాతం పనికే" అన్న మాటకి అంత విలువ లేదు.

జంతువుల సంస్థల్ని మాత్రమే చూసేది యానిమల్ ఛారిటీ ఎవాల్యుయేటర్స్. లీఫ్‌లెట్ల మీద మొదట్లో వాళ్ళు వేసిన లెక్కలు బాగా ఉబ్బాయని తర్వాత వాళ్ళే ఒప్పుకున్నారు, పొరపాట్లకి విడిగా ఒక పేజీయే పెట్టారు, ఇది మంచి గుర్తు. కానీ ఒకటి గుర్తుంచుకోండి, రివ్యూ పబ్లిష్ చెయ్యాలంటే ఆ సంస్థ ఒప్పుకోవాలి, వద్దనుకున్న సంస్థ తప్పుకోవచ్చు. అందుకే వాళ్ళ లిస్టుని షార్ట్‌లిస్ట్‌గా వాడుకోండి, తీర్పుగా కాదు. అందులో ఉన్న సంస్థ చెప్పే నంబర్‌ని కూడా ఒకసారి గిల్లి చూడాల్సిందే.

పేరు చూసి మోసపోవడం ఇంకోటి. ఏఎస్‌పీసీఏ న్యూయార్క్‌లో 1866లో పుట్టిన సంస్థ (ఎస్‌పీసీఏ అంటే జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే సంఘం), అమెరికాలో ఊరూరా ఎస్‌పీసీఏ అని ఉన్న షెల్టర్లు దాని బ్రాంచీలు కావు, ఏఎస్‌పీసీఏకిచ్చిన డబ్బు మీ వీధి చివర షెల్టర్‌కి వెళ్తుందనుకోకండి. పులినో పాండానో దత్తత తీసుకోండి అనే ప్యాకేజీలు కూడా అంతే, బొమ్మా సర్టిఫికెట్టూ వస్తాయి, డబ్బు మామూలు ఫండ్‌లోకి పోతుంది. వన్యప్రాణుల సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అయితే దాన్ని సింబాలిక్ అనే రాస్తుంది, చదవనిది మనమే.

మరి ఎవరికి ఏది

డబ్బు ఎక్కడికి పోయిందో కళ్ళారా చూడాలి అనుకునే మనిషైతే దగ్గర్లో ఉన్న ఆపరేషన్ల సంస్థకి ఇవ్వండి, ఏరియా వారీగా సర్వే చేసేవాళ్ళని చూసుకుని. షెల్టర్ కంటే ముందు దాన్నే చెప్తా, ఎందుకంటే షెల్టర్‌కి కుక్కలు రావడం ఆగాలంటే ముందు అక్కడ పని జరగాలి. షెల్టరే మీ మనసుకి దగ్గరైతే, అన్నిటినీ తీసుకునే షెల్టర్‌కివ్వండి, శాతం తక్కువున్నా సరే. ఒక్క రూపాయికి ఎక్కువ ప్రాణులకి మేలు జరగాలి, కచ్చితంగా ఎంతో తెలియకపోయినా పర్లేదు అనుకుంటే కంపెనీల క్యాంపెయిన్లే, అందులోనూ కొత్త మాటలు రాబట్టడం కంటే పాత మాటలు అమలు చేయించడానికి మనుషుల్ని పెట్టినవాళ్ళు. ఆ పని బోరు, వార్తల్లోకి రాదు, దానికి డబ్బులిచ్చేవాళ్ళూ తక్కువ.

"ఈ రోజు ఇస్తే మీ డబ్బు డబుల్" అని, అంటే మీరిచ్చినంత ఇంకో పెద్ద దాత కూడా కలుపుతాడని చెప్పే మ్యాచింగ్ ఆఫర్లు చూసి తొందరపడకండి, చాలాసార్లు ఆ పెద్ద దాత ఎలాగూ ఇచ్చేదే.

ఇక ఎటూ తేలకపోతే షార్ట్‌లిస్ట్‌లో ఉన్న రెండు మూడు సంస్థలకి ఒకే మెయిల్ పెట్టండి: మీ హోమ్ పేజీలో ఉన్న ఆ నంబర్ ఎలా కట్టారు, అందులో ఇంకా జరగనివి ఎన్ని, కిందటేడాది అనుకుని చెయ్యలేకపోయింది ఏంటి. స్ప్రెడ్‌షీట్ లింక్ పంపేవాళ్ళుంటారు, "మా వర్క్‌ని సపోర్ట్ చేస్తున్నందుకు థ్యాంక్స్" అని డొనేషన్ లింక్ మళ్ళీ పంపేవాళ్ళుంటారు. చిన్న సంస్థలో ఒకరిద్దరే ఉంటారు కాబట్టి జవాబుకి రెండు వారాలు టైమివ్వండి, స్ప్రెడ్‌షీట్ లేకపోయినా "అది మా అంచనా, ఇలా వేశాం" అని నాలుగు ముక్కలు రాసినా చాలు. నెల నెలా ఆటో డెబిట్ పెట్టేది ఆ జవాబు వచ్చాకే, అది కూడా ఏడాదికే పెట్టండి, రెన్యువల్ టైముకి కొత్త రిపోర్ట్ పక్కన పాతది తెరిచి అప్పుడు చెప్పిన టార్గెట్లు ఇందులో ఉన్నాయో మాయమయ్యాయో చూసుకుని పొడిగించుకోవచ్చు.